అగ్లోనిమాకు నీళ్లు ఎప్పుడు పోయకూడదు

(అమలాపురంలో ఒక అపార్ట్‌మెంట్ వాసుల సమావేశంలో, కడియం మండలంలో నర్సరీ నడిపే ఒక మహిళా రైతు చేసిన ప్రసంగం. చివర్లో సభలో అడిగిన ప్రశ్నలు కూడా ఇచ్చాం.)

అందరికీ నమస్కారమండీ. వెనక వరసల్లో ఉన్న అమ్మలు కాస్త ముందుకు రండి. ఈ మొక్కని కుండీలోంచి తీసి చూపించాలి, అంత దూరం నుంచి కనపడదు.

ఇంట్లో పెంచే మొక్కలన్నిటి గురించీ మాట్లాడమన్నారు. అన్నీ చెబితే ఇంటికెళ్లేసరికి ఒక్కటీ గుర్తుండదు. అందుకని ఆకుల అందం కోసం పెంచే ఈ అగ్లోనిమా ఒక్కటే తీసుకుంటున్నాను. మా దగ్గర హాల్లోకి, బెడ్‌రూమ్‌లోకి మొక్క కావాలని వచ్చేవాళ్ల చెయ్యి ఈ మధ్య ముందు దీని మీదే పడుతోంది. సంక్రాంతికి ఊరొచ్చి తిరిగి హైదరాబాద్ వెళ్లేవాళ్లు హైవే పక్కన కారు ఆపి డిక్కీ నిండా వేసుకెళతారు. ఆ తర్వాత ఫోన్లు కూడా ఎక్కువ దీని గురించే వస్తాయి. "ఆకులు పసుపైపోతున్నాయండీ, రోజూ నీళ్లు పోస్తూనే ఉన్నాం" అంటారు. జబ్బేమిటో అడిగేవాళ్ల మాటలోనే ఉంది.

ముందు దీని పుట్టిల్లు ఎక్కడో చూద్దాం. మన ఈశాన్య రాష్ట్రాల నుంచి థాయ్‌లాండ్, ఇండోనేషియా, ఫిలిప్పీన్స్, న్యూగినియా దాకా ఉన్న వాన అడవులు దీనివి. పెద్ద పెద్ద చెట్ల కింద, నేలకి జానెడు మూరెడు ఎత్తులో బతుకుతుంది. అక్కడ నేరుగా ఎండ పడదు. గాలిలో తేమ ఎప్పుడూ ఉంటుంది. వాన దాదాపు రోజూ పడుతుంది. మరి రోజూ నీళ్లు తాగే మొక్కేగా అంటారేమో. అది నాటుకున్నది బంకమట్టిలో కాదండీ. రాలిన ఆకులు కుళ్లి ఏర్పడిన వదులు పొరలో వేళ్లు పాకి ఉంటాయి. పడిన నీరు పడినట్టే దిగిపోతుంది, వెనకాలే గాలి వస్తుంది. వేరు తడిగా ఉంటుంది గానీ నీళ్లలో మునిగి ఉండదు.

చేమ, కంద, ఇదీ ఒకే కుటుంబం. కోనసీమ వాళ్లకి కంద గురించి నేను చెప్పేదేముంది! కంద బచ్చలి లేని పెళ్లి భోజనం ఇక్కడ ఎవరైనా ఒప్పుకుంటారా? ఆ కంద తరుగుతుంటే చేతులు ఎందుకు దురదపెడతాయో అదే కారణం దీని రసంలోనూ ఉంది. కాల్షియం ఆక్సలేట్ అని, సూదుల్లాంటి సన్నటి స్ఫటికాలు. కొమ్మలు కత్తిరించేటప్పుడు చేతికి గ్లవ్స్ వేసుకోండి. అవి లేకపోతే ఒక ప్లాస్టిక్ కవరు తొడుక్కున్నా చాలు. ఆ చేత్తో కళ్లు మాత్రం నులుముకోకండి.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. మీరు ఫోన్లో చూసే వీడియోలు ఎక్కువ భాగం చలి దేశాల వాళ్లు చేసినవి, లేదా వాటిని చూసి మనవాళ్లు మళ్లీ చెప్పినవి. అక్కడ చలికాలంలో ఇల్లంతా హీటర్లు నడుస్తాయి, గాలి పొడిబారిపోతుంది. అందుకే ఆకుల మీద నీళ్లు స్ప్రే చెయ్యండి, కుండీ కింద గులకరాళ్లూ నీళ్లూ పెట్టండి, గాలికి తేమ పట్టించే హ్యుమిడిఫయర్ కొనండి అంటారు. వాళ్లకి అది నిజమే. హైదరాబాద్‌లో ఏప్రిల్ నెలలో మీ అబ్బాయి ఫ్లాట్‌లో ఉన్న మొక్కకి కూడా అందులో సగం పనికొస్తుంది. మనకి ఆ బాధ ఏముందండీ? ఉతికిన చీర జూలైలో రెండు రోజులకి కూడా ఆరదు. ఇక్కడ మళ్లీ పొద్దునా సాయంత్రం స్ప్రే బాటిల్ పట్టుకుంటే తడి ఆకు మీదే నిలిచి గోధుమరంగు మచ్చలు లేస్తాయి. స్ప్రే బాటిల్‌ని అద్దాలు తుడుచుకోవడానికి వాడుకోండి. (నవ్వులు)

డెల్టాలో ఈ మొక్కని చంపేవి రెండే. ఒకటి నీళ్లు, రెండోది చీకటి. ఆ రెండూ కలిస్తే ఇంకా తొందరగా పోతుంది. ఎందుకంటే వెలుతురు తక్కువైన మొక్క నీళ్లు తక్కువ తాగుతుంది. కిటికీ దగ్గర నాలుగు రోజుల్లో ఆరే కుండీ, సోఫా వెనక మూలలో పన్నెండు రోజులైనా ఆరదు. మనం మాత్రం రెండింటికీ ఒకే చెంబుతో, ఒకే రోజు పోసేస్తాం.

ఇదిగో, ఈ మొక్క మీ అపార్ట్‌మెంట్‌లోంచే వచ్చింది. ఎవరిదో చెప్పను. (నవ్వులు) పైన చూడండి, కింది మూడు ఆకులు పసుపుపచ్చగా ఉన్నాయి, మిగతావి వాడి వేలాడుతున్నాయి. ఎవరైనా ఏమంటారు? దాహం వేస్తోంది, పొయ్యండి అంటారు. మట్టి ముట్టుకోండమ్మా... తడిగా ఉంది కదా? మట్టి తడిగా ఉండి ఆకు వాడిందంటే, తాగడానికి వేరు లేదని అర్థం. కుండీ పక్కకి వంచి, అంచు మీద తట్టి, మెల్లగా లాగుతున్నాను. వాసన వస్తోందా? మంచి మట్టి వాసన కాదిది, మురుగు వాసన. ఇప్పుడు ఈ వేరు చూడండి. గోధుమరంగులో, మెత్తగా ఉంది. రెండు వేళ్లతో పట్టుకుని లాగితే పై తొక్క జారి నా చేతిలోకి వచ్చేసింది, లోపల దారంలాంటిది మిగిలింది. ఇది చచ్చిన వేరు. ఈ పక్కన ఒకటుంది చూడండి, తెల్లగా, లావుగా, గోరుతో నొక్కితే గట్టిగా ఉంది. ఇది బతికిన వేరు. మొత్తం గడ్డలో ఇలాంటివి నాలుగైదు ఉన్నాయి. అంటే ఈ మొక్క బతుకుతుంది.

దీనికి ఏం చేస్తానంటే, కుళ్లిన వేళ్లన్నీ శుభ్రమైన కత్తెరతో తీసేస్తాను. మట్టంతా దులిపేసి, ఉన్న వేళ్లకి సరిపడా చిన్న కుండీలో కొత్త మిశ్రమం వేసి నాటుతాను. పెద్ద కుండీలో పెడితే తాగే వేరు లేని మట్టి చుట్టూ తడిగా ఉండిపోయి మళ్లీ అదే కథ. వెలుతురు బాగా ఉన్న నీడలో పెట్టి, ఎరువు జోలికి మాత్రం వెళ్లను. ఒకవేళ కాండం మొదలు కూడా మెత్తబడి కంపు కొడితే ఆ మొదలు దక్కదు. పైన గట్టిగా ఉన్న కాండం వరకూ కోసి, రెండు మూడు కణుపులు ఉండేలా చూసి గాజు సీసాలో నీళ్లు పోసి పెట్టండి. రెండు మూడు రోజులకోసారి నీళ్లు మార్చాలి. కొన్ని వారాల్లో కణుపుల దగ్గర వేళ్లు వస్తాయి.

మరి నీళ్లు ఎప్పుడు పొయ్యాలి? వారం, తారీఖు చెప్పమని అందరూ అడుగుతారు. నేను చెప్పనండీ. వేలు రెండు కణుపులు మట్టిలోకి దింపండి. చల్లగా, తడిగా తగిలితే పొయ్యకండి. పొడిగా ఉంటే పొయ్యండి, అదీ కింద రంధ్రంలోంచి కారేదాకా. రోజూ అరగ్లాసు పోస్తే పైన తడుస్తుంది, అడుగు ఎలా ఉందో మీకు తెలియదు. వేలు పెట్టడం ఇష్టం లేకపోతే కుండీ ఎత్తి చూడండి, ఆరిన కుండీ తేలిగ్గా ఉంటుంది. నాలుగుసార్లు ఎత్తితే చేతికే తెలిసిపోతుంది. రోహిణి కార్తెలో ఫ్యాను కింద ఉన్నదానికి మూడు నాలుగు రోజులకే కావాల్సి రావచ్చు. శ్రావణ భాద్రపదాల్లో ముసురు పట్టినప్పుడు పది పన్నెండు రోజులు ముట్టుకోనక్కర్లేదు.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఈ డెల్టాకి నీళ్లు తెచ్చే కాలువలు వచ్చాయి. కానీ ఇక్కడ వ్యవసాయం చేసేవాళ్లని అడగండి, పంట కాలువ కంటే మురుగు కాలువ గురించే ఎక్కువ చెబుతారు. కౌశిక డ్రెయిన్‌లో గుర్రపుడెక్క పేరుకుపోయి నీరు లాగకపోతే నాట్లు ఏమవుతాయో మీకు తెలుసు. కుండీకి కూడా నీరు వచ్చే దారి ఎంత ముఖ్యమో పోయే దారి అంతకన్నా ముఖ్యం. అందం కోసం అడుగున రంధ్రం లేని పింగాణీ కుండీలు కొంటున్నారు. కొనండి, తప్పులేదు. మొక్కని మాత్రం రంధ్రాలున్న ప్లాస్టిక్ కుండీలో ఉంచి, దాన్ని ఆ పింగాణీలో దింపండి. నీళ్లు పోసేటప్పుడు బయటికి తీసి సింకులో పోసి, కారాక మళ్లీ పెట్టండి.

అడుగున కంకర పోస్తే నీరు లాగుతుందని ఒక నమ్మకం ఉంది. లాగదండీ. సన్నటి మట్టి, కింద లావు కంకర ఉంటే, మట్టి పూర్తిగా నానితే తప్ప నీరు కంకరలోకి దిగదు. కంకర ఎత్తు మేరకు ఆ తడి మట్టి వేరుకి ఇంకా దగ్గరవుతుంది, అంతే. రంధ్రం మీద ఒక పెంకు ముక్క చాలు, అది కూడా మట్టి కారిపోకుండా.

మట్టి సంగతి. మా నర్సరీల్లో కవర్లో వచ్చే మొక్కకి చాలాసార్లు ఎర్రమట్టి గట్టిగా పట్టి ఉంటుంది. లారీలో దూరం వెళ్లినా గడ్డ విడిపోకుండా ఉండాలని అలా కడతారు. మా వ్యాపారానికి అది మంచిది, మీ హాలుకి కాదు. మీ కోనసీమలో కొబ్బరి పీచు తీసే చోట్ల పొట్టు గుట్టలుగా ఉంటుంది. అదే కోకోపీట్. అది తెచ్చి వాడేముందు బకెట్లో నానబెట్టి, పిండి, నీళ్లు పారబొయ్యండి. కనీసం మూడుసార్లు అలా చెయ్యాలి, ఎందుకంటే కొబ్బరి పొట్టులో ఉప్పులు ఉంటాయి. కడిగిన పొట్టు రెండు వంతులు, రైస్ మిల్లులో దొరికే కాల్చిన నల్ల ఊక ఒక వంతు, ముతక గోదావరి ఇసుకైనా చిన్న ఇటుక ముక్కలైనా ఒక వంతు, వర్మీకంపోస్టు ఒక వంతు. మట్టిని వదులు చెయ్యడానికి కలిపే తెల్లటి పెర్లైట్ గుళికల కోసం ఆన్‌లైన్‌లో వెతకనక్కర్లేదు. సముద్రపు ఇసుక మాత్రం వద్దు. పచ్చి పేడ వద్దు, చిన్న చిన్న దోమల్లాంటి ఈగలు లేస్తాయి, తర్వాత మీరే మొక్కని గేటు బయట పెట్టేస్తారు.

ఉప్పు మాట వచ్చింది కాబట్టి ఆకు చివరలు ఎండిపోవడం గురించి కూడా చెబుతాను. ఏప్రిల్‌లో కాలువలకి నీళ్లు ఆపేస్తారు. అపార్ట్‌మెంట్లు బోరు మీద పడతాయి. ఓడలరేవు, అంతర్వేది వైపు బోరు నీళ్ల రుచి మీకు నేను చెప్పాలా? ఆ నీళ్లే కుండీలో పోస్తాం. నీరు ఆవిరైపోతుంది, ఉప్పు ఉండిపోతుంది. మే, జూన్ నెలల్లో ఆకు కొసలు గోధుమరంగులోకి మారి, కుండీ అంచున తెల్లటి పొర కడుతుంది. దానికి మందు లేదు, కడగడమే. తొలకరి వాన పడుతుంటే కుండీని బాల్కనీ అంచున పెట్టి అరగంట తడవనివ్వండి. లేదా మంచినీళ్లు కుండీకి మూడింతలు పోసి కిందికి కారనివ్వండి. ఎండాకాలంలో ఏసీ నుంచి కారే నీళ్లు పట్టి వాడుకోవచ్చు, అందులో ఉప్పుండదు. ఆర్వో మెషీను వదిలేసే నీళ్లు వద్దు. మీ తాగే నీళ్లలోంచి తీసిన ఉప్పంతా అందులోనే ఉంటుంది.

వెలుతురు. మన కన్ను మనల్ని మోసం చేస్తుంది. వెలుతురుని లక్స్ అనే లెక్కలో కొలుస్తారు, మిట్టమధ్యాహ్నం ఎండలో అది సుమారు లక్ష లక్స్ ఉంటుంది. ట్యూబులైటు వేసిన గదిలో కొన్ని వందలు. కన్ను సర్దుకుంటుంది కాబట్టి రెండూ బాగానే ఉన్నాయనిపిస్తుంది, ఆకు అలా సర్దుకోలేదు. తేలిక పరీక్ష ఒకటి ఉంది. పగలు పదకొండు గంటలకి లైటు ఆపేసి, మొక్క ఉన్నచోట తెల్ల కాగితం పెట్టి, జానెడు ఎత్తున చెయ్యి పట్టండి. నీడ వేళ్లతో సహా తెలిస్తే మంచి చోటు. మసగ్గా మరకలా పడితే పచ్చ రకాలకి సరిపోతుంది. అసలు నీడే పడకపోతే అక్కడ ప్లాస్టిక్ మొక్క పెట్టుకోండి. (నవ్వులు)

పచ్చ రకాలని ఎందుకంటున్నానంటే, అగ్లోనిమాలు అన్నీ ఒకటి కాదు. మారియా, సిల్వర్ క్వీన్ లాంటి పచ్చ, వెండి రంగువి తక్కువ వెలుతురుకి ఓర్చుకుంటాయి. ఎర్రవి, గులాబీవి తర్వాత వచ్చినవి. ఇండోనేషియాలో గ్రెగరీ హంబాలీ అనే ఆయన, సుమత్రాలో దొరికే రొటండమ్ అనే జాతితో సంకరం చేసి 'ప్రైడ్ ఆఫ్ సుమత్రా' అనే ఎర్ర రకం తెచ్చాడు. అక్కడ నుంచి ఎరుపు పరంపర మొదలైంది. ఆకులో ఎరుపు ఎక్కువైన కొద్దీ పచ్చదనం తగ్గుతుంది, తిండి తయారుచేసుకునే చోటు తగ్గుతుంది, అందుకని వెలుతురు ఎక్కువ కావాలి. చీకట్లో పెడితే కొత్త ఆకులు పచ్చగా వస్తాయి. "మీరు ఎర్రదని చెప్పి పచ్చది అమ్మారు" అని మాతో గొడవకొస్తారు! అలాగని నేరుగా ఎండలో పెట్టినా ఆకు కాలి తెల్లటి మచ్చ పడుతుంది. తూర్పు కిటికీ ఉంటే దానికి మించింది లేదు. పడమటి కిటికీ అయితే పల్చటి కర్టెన్ వెయ్యండి.

కొత్తగా కొన్న మొక్క మొదటి నెలలో ఒకటో రెండో కింది ఆకులు రాలుస్తుంది. మా షేడ్‌నెట్ కింద వెలుతురుకి అలవాటు పడినది మీ గదికి అలవాటు పడుతోంది. దానికి టెన్షన్ పడిపోయి కుండీ మార్చి, ఎరువేసి, చోటు మార్చకండి. నెలరోజులు వదిలెయ్యండి.

చలి సంగతి మనకి పెద్దగా లేదు. 15 డిగ్రీల లోపు దీనికి పడదు, మన ఇళ్లలో ధనుర్మాసంలో కూడా అంత దిగడం అరుదు. ఏసీ గాలి నేరుగా కొట్టే చోట మాత్రం పెట్టకండి. ఎరువు కూడా ఎక్కువ అక్కర్లేదు. నెలకోసారి 19-19-19 అనే ఎరువు పొడి లీటరు నీళ్లకి ఒక గ్రాము కలిపి, మామూలుగా నీళ్లు పోసిన రోజే ఆ తడి మట్టిలో పొయ్యండి. ఇక ప్రశ్నలు అడగండి.

ప్రశ్న: ఆకు మొదట్లో తెల్లగా దూదిలాగా పడుతోందండీ.

పిండినల్లి అమ్మా అది. ముందు కుండీ దగ్గర చీమలున్నాయేమో చూడండి. అది వదిలే తియ్యటి జిగురు కోసం చీమలు వస్తాయి, దాన్ని కాపలా కాస్తాయి, ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకి మోస్తాయి కూడా. ఆ కుండీని మిగతావాటి నుంచి వేరు చెయ్యండి. మందుల షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్‌లో దూది ముంచి ఒక్కొక్కటీ తుడిచెయ్యండి. ఆకు కాడ కాండాన్ని పట్టుకునే సందులో దాక్కుంటాయి, ఇయర్ బడ్ అయితే అక్కడికి వెళుతుంది. తర్వాత లీటరు నీళ్లకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి సాయంత్రం పూట ఆకుల కింద కూడా పడేలా కొట్టండి. వారానికోసారి చొప్పున మూడు నాలుగు సార్లు చెయ్యాలి. ఒక్కసారికే ఆపేస్తే గుడ్లలోంచి మళ్లీ లేస్తాయి.

ప్రశ్న: ఈ మొక్క గదిలో ఉంటే గాలి శుభ్రమవుతుందని, నాసా వాళ్లే చెప్పారని అంటారు కదా?

1989లో నాసా వాళ్లు చేసిన ప్రయోగం నిజమే, అందులో అగ్లోనిమా కూడా ఉంది. కానీ వాళ్లు మొక్కని చిన్న పెట్టెలో మూసి, అందులోకి రసాయనం వదిలి కొలిచారు. మన ఇల్లు పెట్టె కాదు, తలుపు తీస్తే గాలి మారిపోతుంది. 2019లో అమెరికాలో డ్రెక్సెల్ యూనివర్సిటీ వాళ్లు ఇలాంటి ప్రయోగాలన్నీ కలిపి లెక్క వేశారు. కిటికీ తీస్తే జరిగేపాటి పని జరగాలంటే చదరపు మీటరుకి పది నుంచి వెయ్యి మొక్కలు కావాలని తేలింది. మొక్కలు అమ్మేదాన్నే చెబుతున్నాను, గాలి కోసం కొనకండి. చూడ్డానికి బాగుంటుందని కొనుక్కోండి, అది చాలదూ?

ప్రశ్న: మా మనవడు ఆకు కొరికేస్తాడేమోనని భయం.

భయపడటంలో తప్పులేదు. కొరికితే నోరు, పెదవులు మండుతాయి, వాచొచ్చు, చొంగ కారుతుంది. పిల్లికీ కుక్కకీ అంతే. అలా జరిగితే నోరు కడిగి, చల్లటి పాలో నీళ్లో పట్టించండి. వాపు పెరిగినా, మింగడానికీ ఊపిరి తీసుకోవడానికీ ఇబ్బంది పడినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పాకే వయసు పిల్లలున్న ఇంట్లో ఎత్తు స్టాండు మీద పెట్టండి, లేదా వాళ్లు పెద్దయ్యేదాకా ఆగండి.

ప్రశ్న: కుండీ కింద పళ్లెం పెట్టొచ్చా?

పెట్టండి, కానీ కారిన నీళ్లు అరగంటలో పారబొయ్యండి. వేరుకే కాదు, మనకీ మంచిది కాదు. డెంగీ దోమకి ఆ పళ్లెం చాలు, వారం పది రోజుల్లో గుడ్డు నుంచి దోమ అయిపోతుంది. ఆరోగ్యశాఖ వాళ్లు శుక్రవారం డ్రైడే, అంటే నిలవ నీళ్లు పారబోసే రోజు అంటున్నారు కదా, ఆ రోజు పళ్లెం అంచులు పీచుతో తోమండి. గుడ్లు అంచుకి అతుక్కుని ఉంటాయి, నీళ్లు పారబోస్తే పోవు. వేళ్లు రావడానికి నీళ్ల సీసాలో పెట్టిన కొమ్మలకీ ఇదే వర్తిస్తుంది, సీసా మూతికి దూది పెట్టండి.

ప్రశ్న: పదిహేను రోజులు కాశీ వెళుతున్నామండీ, ఏం చెయ్యాలి?

వెళ్లే ముందురోజు బాగా తడిపి, పూర్తిగా కారనిచ్చి, కిటికీకి నాలుగడుగులు లోపలికి జరపండి. ఏసీ, ఫ్యాను ఆగిపోతాయి కాబట్టి మట్టి నెమ్మదిగా ఆరుతుంది. ఎండాకాలం కాకపోతే పదిహేను రోజులు తేలిగ్గా ఉంటుంది. పక్కింటివాళ్లకి తాళం ఇచ్చి నీళ్లు పొయ్యమని మాత్రం చెప్పకండి. ప్రేమకొద్దీ రోజూ పోస్తారు.

మారియా రకం పిలకలు కొన్ని తెచ్చాను, ఆ చివర బల్ల మీద ఉన్నాయి. కాడలు కోసి ఎక్కువసేపు కాలేదు, రసం ఇంకా ఆరలేదు. పక్కనే కవర్లు పెట్టాను, చేతికి తొడుక్కుని తీసుకోండి.